ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే

ఆ ఏడు బతుకమ్మకు సర్కారు పంచే చీరల ఆర్డర్ సిరిసిల్లకు వచ్చేనాటికి నాకు మూడో నెల. వాడకట్టులో ఎవరు ఎదురైనా మా అత్తమ్మను రెండే అడిగేవాళ్లు. సాంచాలు బాగా నడుస్తున్నాయా, కోడలికి వాంతులు తగ్గాయా. సాంచాలంటే మరమగ్గాలు. మా ఇంటి వెనకే, మా ఆయన పనిచేసే ఆసామి రాయమల్లు రేకుల షెడ్డు ఉండేది. ఆ సీజన్లో అవి పొద్దున మొదలైతే మళ్లీ పొద్దున దాకా ఆగేవి కావు. బతుకమ్మ పండుగలోపు చీరలు ముగియాలి, పండుగకు అటో ఇటో నా కాన్పు కావాలి. మా అత్తమ్మ బాలలక్ష్మి ఈ రెండింట్లో దేనికోసం ఎక్కువ మొక్కులు మొక్కిందో నేనిప్పటికీ చెప్పలేను.

నేను శ్రీరాంపూర్ పిల్లను. మా బాపు అంతయ్య బొగ్గుబాయిలో పనిచేస్తాడు. రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటాడు కాబట్టి మా ఇంట్లో అందరం గుసగుసలతోనే పెరిగాం. అలాంటిదాన్ని తెచ్చి సిరిసిల్లలో పడేశారు. ఇక్కడ మంచినీళ్లు అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో అత్తమ్మ "అన్నం తిన్నవా" అని అరిస్తే నేనేం తప్పు చేశానో తెలియక లోపలికి పోయి ఏడ్చాను. తర్వాత తెలిసింది, సాంచాల చప్పుడులో బతికేవాళ్లకు గొంతు తగ్గించడం చేతకాదని. షెడ్డు లోపలైతే ఆ అరుపులు కూడా పనికిరావు, అక్కడ చేతులతోనే మాట్లాడుకుంటారు.

మా ఆయన పరశురాములు మాత్రం ఈ ఊరివాళ్లలో కలవడు. అరవడు, అసలు మాటలే తక్కువ. ఎదురుగా నిలబడి అడిగితే చక్కగా నవ్వి జవాబు చెబుతాడు. వెనక నుంచి పిలిస్తే బెల్లం కొట్టిన రాయి. మనిషి మంచివాడే కానీ పలకడానికి బద్ధకం అనుకునేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా సంసారం అని మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఫోన్లో చెప్పి నవ్వేదాన్ని కూడా. పనిలో మాత్రం ఆయనకు మంచి పేరు. మిగతావాళ్లు చప్పుడు మారితే పోగు తెగిందని పసిగడతారు. మా ఆయన నడుస్తున్న సాంచా చట్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడి, చప్పుడు మారకముందే దాన్ని ఆపేస్తాడు. వీడి చేతికి చెవులున్నాయని రాయమల్లు అందరితో గొప్పగా చెప్పుకునేవాడు.

నాలుగో నెల దాటాక దవాఖానలో డాక్టరమ్మ నా పొట్ట మీద చిన్న మిషన్ పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గబగబా కొట్టుకుంటోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బయట నిలబడ్డ మా ఆయనను కూడా లోపలికి పిలిచి వినమన్నారు. ఆయన ఆ మిషన్ వైపు చూశాడు, డాక్టరమ్మ వైపు చూశాడు, చివరికి నా ముఖం చూసి ఒక క్షణం ఆలస్యంగా నవ్వాడు. ఇంటికి వస్తూ ఆటోలో, బిడ్డ గుండె చప్పుడు ఎట్లా ఉందని అడిగాను. మంచిగున్నది అన్నాడు, వంకాయ కూర గురించి అడిగితే చెప్పినట్టు. ఆ పూట నా మనసులో ముల్లు దిగింది. ఈ మనిషికి బిడ్డ అక్కర్లేదేమో అనుకున్నాను. అంత పెద్ద మాట ఎవరితో అనను? మూతి ముడుచుకుని ఉండిపోయాను. ఆయనకు నా అలక కూడా అర్థం కాలేదు.

ఐదో నెల నిండేసరికి పొట్ట బిగుసుకుని ఒకటే దురద. నడుము నొప్పి. ఏ పక్కకు ఒరిగినా నిద్ర లేదు. అత్తమ్మ చూడలేక మా వాడలో కమలవ్వను పిలుచుకొచ్చింది. కమలవ్వ చేతుల మీద ఈ వాడలో సగం మంది పుట్టారు. ఆమె నా పొట్ట ఇటూ అటూ చూసి, బిడ్డ పక్కకు ఒరిగిందని, ఆముదం పెట్టి నొక్కి సదిరితే కాన్పు సులువవుతుందని తేల్చేసింది. నేను రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుని, నేనేమైనా జొన్న పిండి ముద్దనా అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. అత్తమ్మకు ఇటు కోడలు, అటు కమలవ్వ. చివరికి ముగ్గురం కలిసి సర్కారు దవాఖానలో నర్సు జమున మేడం దగ్గరికి పంచాయితీకి పోయాం.

జమున మేడం ముందు నన్ను పడుకోబెట్టి బీపీ చూసింది, బిడ్డను చూసింది. అంతా బాగుందన్నాక తీర్పు చెప్పింది.

"నొక్కుడు లేదు, సదురుడు లేదు, బిడ్డను తిప్పుడు అసలే లేదు. ఉత్త అరచేత్తోని పైపైన రాయాలె. అట్ల రాస్తే ఏం కాదు, పానం హాయిగుంటది. ఎడమ పక్కకు తిరిగి పండుకో, కాళ్ల నడుమ మెత్త పెట్టుకో. నూనె గోరువెచ్చగుండాలె. పొట్ట గట్టిపడ్డా, నొచ్చినా, కండ్లు తిరిగినా ఆపుమను. ఆపుమన్నవంటే ఎవలైనా ఆపాలె. రక్తం గిట్ల కనబడితే మాత్రం ఇంట్ల కూసోకు, సీదా ఇటు రా."

కమలవ్వ ముఖం చిన్నబోయింది. జమున మేడం అది చూసి, బాలింతకూ పసిపిల్లకూ నీళ్లు పోయడానికి నీ చేతులే కావాలి, అప్పటిదాకా దాచుకో అంది. అంత మాటకే కమలవ్వ కరిగిపోయింది. దారి పొడుగునా నూనె ఎంత వేడి ఉండాలో నాకు ఆమే చెప్పుకుంటూ వచ్చింది.

ఇక రాసేదెవరు? మొదట అత్తమ్మే కూచుంది. పాపం, పొద్దస్తమానం కండెలు చుట్టే చేతులు అవి, నూలు కోసి కోసి వేళ్లన్నీ గరుకు. పైగా తన అత్తగారి కాలం నుంచీ నొక్కడమే తెలుసు. చెయ్యి తనకు తెలియకుండానే బరువు పడుతోంది. నేను అబ్బా అన్నానో లేదో నాకంటే ముందు ఆమే జడుసుకుని చెయ్యి తీసేసింది. నాకు విసుగొచ్చింది. అన్నం తింటున్న మా ఆయన ఎదురుగా పోయి నిలబడి, బిడ్డ నా ఒక్కదానికేనా, నువ్వు రాయి అన్నాను. నిజానికి దెప్పడానికే అన్నాను. అత్తమ్మ నోరు తెరిచింది. మొగోడు పెండ్లాం పొట్టకు నూనె రాస్తే వాడకట్టు నవ్వదా అని గొణిగింది.

ఆయన నా వైపు తదేకంగా చూశాడు. పళ్లెం పక్కన పెట్టి బయటికి పోయి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. సాంచా నూనె మరక పోలేదని మళ్లీ కడుక్కున్నాడు. కూచుని గోళ్లు తీసుకున్నాడు. వేడినీళ్ల గిన్నెలో నూనె గిన్నె పెట్టి, చుక్క తీసి తన మణికట్టు మీద వేసుకుని చూసుకున్నాడు. ఇదంతా చూసి అత్తమ్మ లేచింది. తలుపు దగ్గరికి వేసి, కండెల బుట్ట తెచ్చుకుని గడప అవతల కూచుంది. ఎవరొచ్చినా, కోడలు పండుకున్నది, మళ్ల రాండ్రి అని పంపించేసింది. ఆ సీజనంతా మాకు కాపలా ఆమెదే.

నేను గోడ వైపు, అంటే ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. ఆయన వెనక కూచుని పొట్ట మీద చెయ్యి ఆనించాడు. మొదట కదపలేదు, ఊరికే ఉంచాడు. నాకే ఓపిక లేక, ఇక రాయవేమిటా అనుకున్నాను. తర్వాత మెల్లగా గుండ్రంగా, బొడ్డు చుట్టూ పోయిన దారినే మళ్లీ పోతూ రాశాడు. బరువు లేదు, తొందర లేదు. పగలంతా వందల పోగుల మధ్య ఒక్కటీ తెగకుండా తిరిగే చెయ్యి అది. బిగుసుకున్న చర్మం వదులయ్యింది, నడుము వదులయ్యింది, నాకు తెలియకుండానే నా నోరు కూడా వదులయ్యింది. గోడకేసి చూస్తూ ఊళ్లో ముచ్చట్లన్నీ చెబుతూ ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

అప్పటి నుంచి పొద్దు గూకే వేళకు అదే మాకు పూజ. నేను మాట్లాడేదాన్ని, ఆయన రాసేవాడు. జవాబు వచ్చేది కాదు. సాంచాల చప్పుడు కదా అని సరిపెట్టుకున్నాను. ఒక రోజు మాత్రం తనంతట తనే నోరు విప్పాడు. ఏడో నెలలో మీ అవ్వోళ్లు తీసుకుపోతారు కదా, పుట్టింట్లోనే ఉండు, జల్దీ రాకు, బిడ్డ నడక నేర్చాక రా అన్నాడు. మొదటి కాన్పుకు పుట్టింటికి పోతే ఎప్పుడొస్తావని రోజూ ఫోన్ చేసే మగవాళ్లను చూశాను కానీ రావద్దనేవాణ్ణి చూడలేదు. అంత ప్రేమ ఉన్న చెయ్యీ, ఇంత కఠినమైన మాటా ఒకే మనిషివని నమ్మబుద్ధి కాలేదు. ఆ రాత్రి నేను గోడతో కూడా మాట్లాడలేదు.

ఆషాఢంలో ఒక సాయంత్రం పెద్ద వాన పడింది. కరెంటు పోయి సాంచాలన్నీ ఆగిపోయాయి. సిరిసిల్లలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు, రేకుల మీద నుంచి నీళ్లు కారే చప్పుడు కూడా వినిపిస్తోంది. మా ఆయన తొందరగా ఇంటికి వచ్చి నూనె గిన్నె తీశాడు. నాకు మధ్యాహ్నం తిన్నది వాంతి అయిపోయింది, మళ్లీ ఏమీ తినలేదు. ఫ్యాను లేక గదిలో ఉక్క. రాస్తుండగా కళ్లు తిరిగినట్టు, గోడ దూరంగా పోయినట్టు అయింది. ఆపు అన్నాను. చెయ్యి ఆగలేదు. జర ఆపు అని ఇంకోసారి గట్టిగా అన్నాను. గుండ్రంగా, మెల్లగా, అదే దారిన చెయ్యి తిరుగుతూనే ఉంది. గడప అవతలి నుంచి అత్తమ్మ విని తలుపు తోసుకుని వచ్చింది.

"ఆపుమంటుంది గదరా!"

అప్పటికీ ఆయన తల తిప్పలేదు. నేనే ఆయన మణికట్టు పట్టుకున్నాను. చెయ్యి వెంటనే ఆగింది. వెనక్కి తిరిగి చూశాను. కోపంతో తిడదామనే తిరిగాను. ఆయన నా ముఖం చూసి, తల్లి ముఖం చూసి, ఏం జరిగిందో అప్పుడు అర్థం చేసుకున్నాడు. ఎన్నిసార్లు అన్నవ్ అని అడిగాడు. నేను చెప్పేలోపే లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నూనె చేతులు రెండూ తన ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకున్నాడు.

వానలోనే ఆటో తెచ్చి దవాఖానకు పోయాం. జమున మేడం చూసి, బీపీ కాస్త తగ్గింది, కడుపు మాడ్చుకుంటే కళ్లు తిరగక ఏమవుతాయి, బిడ్డకు ఏమీ కాలేదు అని నన్ను తిట్టి, ఏదో తాగించి పంపింది. ఇంటికి వచ్చేసరికి కరెంటు వచ్చింది. మళ్లీ సాంచాల మోత. ఆయన నా ఎదురుగా కింద కూచున్నాడు.

"నాకు ఇనస్తలేదు సృజనా. మెల్లమెల్లగ తగ్గుకుంట వచ్చింది. నీ పెదవులు జూసి జవాబు జెప్తున్న. ఆ దినం దవాఖానల అందరు ఇంటుండ్రు, నాకేం ఇనరాలే. నీ మొకం జూసి నవ్విన."

"గందుకేనా నన్ను మా అవ్వోళ్లింట్లనే ఉండుమన్నది?"

"బిడ్డ ఏడిస్తే ఎవలు లేవాలె? నువ్వు నీళ్లకు పోతవ్, అవ్వ కండెల కాడ ఉంటది. నేను పక్కనే పండుకొని ఉంట. బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినా నాకు ఎర్కగాదు."

ఆ మాట అని ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇన్ని నెలలుగా నన్ను పొడిచిన ముల్లు ఆయనను అంతకంటే లోతుగా పొడుస్తోందని తెలిసి నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. ఆ శంఖం సామెత తర్వాతెప్పుడూ నా నోట రాలేదు. అత్తమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. గుంజకు ఆనుకుని మెల్లగా, అవును, మెల్లగానే అంది.

"మీ మామకు గూడ గంతే అయింది బిడ్డా. సాంచా అన్నం పెడ్తది, చెవులు తింటది. ఈ వాడల అందరం ఒర్లుకుంటనే ఉంటం. ఎవలికి ఇనస్తుందో ఎవలికి ఇనస్తలేదో ఎట్ల తెలుస్తది?"

మర్నాడు ఆయన నూనె గిన్నె ముట్టలేదు. నావల్ల కాదన్నాడు. నేను ఊరుకునే రకమా? షెడ్డులో సాంచా ఆపాలంటే పక్కవాడి చెయ్యి మీద రెండుసార్లు తడతారు. ఆ రెండు దెబ్బలు కొట్టి చూపించి, ఆపమంటే ఇట్లా కొడతాను, సరేనా అన్నాను. ఇంకో పని కూడా చేశాను. మంచం మీద తలకింది మెత్త తీసి ఇటు తల వైపు నుంచి అటు కాళ్ల వైపు పెట్టాను. ఇప్పుడు ఎడమ పక్కకు తిరిగితే గోడ కాదు, గది కనబడుతుంది. ఆయన నా ఎదురుగా కూచోవచ్చు, నా పెదవులు చూడవచ్చు. ఇంత చిన్న ఉపాయం అన్ని రోజులు ఎవరికీ తోచలేదంటే మా తెలివి అలాంటిది.

చాలాసేపు బతిమాలించుకుని కూచున్నాడు. చెయ్యి పొట్ట మీద ఆనించి ఊరికే ఉంచాడు, మొదటి రోజు ఉంచినట్టే. కాసేపటికి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఆగు అన్నట్టు నాకు వేలు చూపించాడు. నాకేమీ తెలియడం లేదు. తర్వాత నెమ్మదిగా తెలిసింది. లోపల చిన్నగా, ఆగి ఆగి, లెక్క తప్పకుండా ఏదో ఎగురుతోంది.

"ఎక్కిళ్లు," అన్నాడాయన. "బిడ్డకు ఎక్కిళ్లు వస్తున్నయ్."

ఈసారి ఆయన నాకంటే ముందు నవ్వాడు. గడప అవతలి నుంచి అత్తమ్మ ఏమైందిరా అని వాడంతా వినబడేలా అరిచింది. నేను కూడా అంతే గట్టిగా, నీ మనుమరాలికి ఎక్కిళ్లు అత్తమ్మా అని అరిచాను. మనుమరాలో మనుమడో అప్పటికి ఎవరికి తెలుసు, నోటికి అలా వచ్చింది.

శ్రావణంలో మా అవ్వ సత్తమ్మ, బాపు వచ్చి ఒడిబియ్యం పోసి నన్ను శ్రీరాంపూర్ తీసుకుపోయారు. చీరల పని ముగిసిన వారంలో, ఊరంతా తంగేడు పూలు తెస్తున్న రోజుల్లో నాకు ఆడపిల్ల పుట్టింది. మా ఆయన కరీంనగర్లో చెవుల డాక్టరుకు చూపించుకున్నాడు. పోయిన వినికిడి తిరిగి రాదన్నారు, మిషన్ ఇచ్చారు. అది పెట్టుకుంటే కొంత వినబడుతుంది కానీ షెడ్డులో ఒకటే రొద. పడుకునేటప్పుడు తీసి పెట్టాల్సిందే. నేను ఇవన్నీ దాచకుండా మా అవ్వకు చెప్పాను. ఆమె పిల్లను ఒళ్లో వేసుకుని అడిగింది.

"చెవులు ఇనబడనోని పక్కల పసిపిల్లను పండుకోబెట్టి నువ్వు బయటికి ఎట్ల పోతవ్ బిడ్డా?"

అయినా పిల్లకు మూడో నెల రాగానే పోతానని పట్టుబట్టాను. పిల్ల నడక నేర్చేదాకా ఆగడం నాకూ చేతకాదు, ఆయనకూ చేతకాదు, ఇద్దరికీ తెలుసు. అవ్వ దిగబెట్టడానికి నాతో వచ్చింది. నాలుగు రోజులుండి పోతానన్న మనిషి రెండు వారాలైనా కదల్లేదు. అల్లుడికి వేడివేడిగా వండి పెట్టేది, మర్యాదగా పలకరించేది, పిల్లను మాత్రం ఆయన దగ్గర ఒంటరిగా వదిలేది కాదు. ఆయన ఎత్తుకుంటే పక్కనే నిలబడేది. ఆయన అది గమనించాడు. పిల్లను అడగడం తగ్గించాడు. అవ్వది తప్పని అనలేను, ఆయనది తప్పని అనలేను.

ఒక ఆదివారం సాంచాలు బంద్. మధ్యాహ్నం తిని మా ఆయన చాప మీద పడుకున్నాడు. చెవి మిషన్ గూట్లో పెట్టాడు. పక్కన పిల్ల. అవ్వా నేనూ గడప దగ్గర కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. అక్కడి నుంచి చూస్తే ఆయన వీపు కనబడుతుంది, పిల్ల పొట్ట మీద పెట్టిన చెయ్యి కనబడుతుంది. ఇద్దరూ మంచి నిద్రలో ఉన్నారు. అవ్వ రెండు కాయలు ఒలిస్తే ఒకసారి లోపలికి చూస్తోంది.

అంతలో ఆయన ఉన్నట్టుండి లేచి కూచున్నాడు. నిద్రపోతున్న పిల్లను రెండు చేతులతో ఎత్తి భుజాన వేసుకున్నాడు. అవ్వకు చిర్రెత్తుకొచ్చింది. "పండుకున్న పిల్లను ఎందుకు లేపినవ్" అనబోయి, అల్లుడని ఆగి, నా వైపు తిరిగింది. నేనూ ఏదో అనబోయాను.

అప్పుడు పిల్ల ఏడ్చింది.

ఆయన దాని వీపు నిమురుతూ ఇటు తిరిగి మమ్మల్ని చూశాడు. అవ్వ ఒడిలో చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి. లేచి ఆయన ఎదురుగా పోయి, పెదవులు కనబడేలా నిలబడి, ఎట్లా తెలిసిందని అడిగింది. అడిగి ఆమె తల దించుకోలేదు, ఆయన జవాబు కోసం చూసింది.

"ఏడ్చే ముందుగాల పొట్ట లోపటికి గుంజుకుంటది అత్తమ్మా," అన్నాడు మా ఆయన. "గొంతు తర్వాత లేస్తది."

అవ్వ పిల్లను ఆయన దగ్గరి నుంచి తీసుకోలేదు. లోపలికి పోయి దండెం మీది తన చీరలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"రేపు పొద్దుగాల బస్సుకు పోత బిడ్డా," అంది. "ఆడ మీ బాపు ఒక్కడే వండుకుంటుండు."